పాత డెస్క్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ: ముందు చెడగొట్టి చూడండి, ఆ తర్వాతే ఫొటోలు పెట్టండి

మా అక్క పెళ్లి ఫొటోలన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉండేవి. ఆ డిస్కు చచ్చిపోలేదు, టిక్కు టిక్కుమని శబ్దం కూడా చేయలేదు, ఎప్పటిలాగే తెరుచుకుంది. కానీ తలంబ్రాల ఫొటోలు తెరిస్తే పై సగం బాగుండి, కింద సగం బూడిద రంగు చారలు. ఎప్పుడు పాడయ్యాయో ఎవరికీ తెలీదు. జాగ్రత్తగా ఉంటుందని ఇంకో డిస్కులోకి కూడా కాపీ చేసి పెట్టుకున్నాం, అందులోనూ అవే చారలు. అంటే పాడైపోయిన ఫైళ్లనే భద్రంగా దాచుకున్నాం.

ఆ బాధలోంచే ఇంట్లో ఒక సర్వర్ పెట్టాను, దాని మీద ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను, దాంతోనే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంటో నిజంగా నేర్చుకున్నాను. మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఎలా వెళ్లాలో ఇక్కడ రాస్తున్నాను. ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పని కాదు, ఓ అరగంట. నేను గట్టిగా చెప్పేది మాత్రం ఒకటుంది: మీకు ముఖ్యమైన ఫైలు ఒక్కటి కూడా అందులో పెట్టకముందే, ఆ సిస్టమ్‌ని కావాలని నాలుగైదు రకాలుగా చెడగొట్టి, మీ చేతులతో మళ్లీ నిలబెట్టండి. చేతులు కాలాక ఆకులు వెతుక్కునే పరిస్థితి రాకూడదంటే ఇదే దారి, పైగా నేర్చుకోవడానికి దీన్ని మించింది నాకు కనబడలేదు.

ఒక మాట ముందే. కమాండ్లని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. నేను చూసి రాస్తున్నది 14 సిరీస్ మీద.

ఫ్రీబీఎస్‌డీయే ఎందుకు

లినక్స్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. లినక్స్‌లో కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం, ఒకరు చేస్తారు, మిగతా పనిముట్లు వేరేవాళ్లు చేస్తారు, డెబియన్, ఫెడోరా లాంటి వాళ్లు వాటిని ఒకచోట కూర్చి ఇస్తారు. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, దాని చుట్టూ ఉండే మామూలు పనిముట్లు, వాటి మాన్యువల్ పేజీలు అన్నీ ఒకే చోట, ఒకే బృందం చేతిలో తయారవుతాయి. దీని మూలాలు కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో తయారైన బీఎస్‌డీ యూనిక్స్‌లో ఉన్నాయి, ఫ్రీబీఎస్‌డీ మొదటి విడుదల 1993లో వచ్చింది. అప్పటినుంచి పద్ధతులు పెద్దగా మారలేదు కాబట్టి పదేళ్ల కిందటి జవాబు చదివినా చాలాసార్లు ఇప్పటికీ పనిచేస్తుంది. నేర్చుకునేవాడికి ఇది ఎంత పెద్ద సాయమో మొదలుపెట్టాక తెలుస్తుంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు నడిచేది దీని మీదే, అంటే మన ఇంటి అవసరానికి దీని సత్తా గురించి అనుమానం అక్కర్లేదు.

ఒక ఇబ్బందీ చెప్పాలి. యాప్‌ని దానికి కావలసినవన్నీ కలిపి ఒక మూటగా నడిపే డాకర్ దీని మీద నేరుగా నడవదు. మీకు కావలసిన యాప్ డాకర్‌లో మాత్రమే దొరుకుతుందంటే, బీహైవ్ అనే పనిముట్టుతో ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, చేసి అందులో లినక్స్ వేసి నడపాలి, లేదా మొదటినుంచీ డెబియన్ వేసుకోవడమే మంచిది. ఫైళ్లు భద్రంగా దాచుకోవాలి, సిస్టమ్ లోపలెలా పనిచేస్తుందో తెలుసుకోవాలి అనుకునేవాళ్లకి ఇది.

మెషీన్, కరెంటు, వేడి

కొత్త సర్వర్ కొనకండి. ఆఫీసులు తీసేసిన పాత డెస్క్‌టాప్‌లు, డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో బోలెడు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగితే చాలు. మరీ చిన్న బుల్లి మోడల్ తీసుకోకండి, లోపల రెండు పెద్ద హార్డ్ డిస్కులు పట్టాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇంటికి సరిపోతుంది. నెట్‌వర్క్ కార్డు ఇంటెల్‌ది ఉంటే టెన్షన్ తక్కువ. రియల్‌టెక్ అయినా నడుస్తుంది గానీ కొన్ని మోడళ్లకి డ్రైవర్ విడిగా వేసుకోవాల్సి వస్తుంది. డిస్కులు యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టి మిర్రర్ (రెండిట్లోనూ ఒకే కాపీ ఉండేలా జత) చేయకండి, మధ్యలో ఊడి వస్తుంటాయి, నేరుగా సాటా కేబుల్‌కే తగిలించండి. కొనేటప్పుడు డేటాషీట్‌లో సీఎంఆర్ అని ఉందో లేదో చూసుకోండి. ఎస్ఎంఆర్ అనే రెండో రకం డిస్కులు, ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు దాన్ని నింపడానికి విపరీతమైన సమయం తీసుకుంటాయి.

కరెంటు లెక్క తేలిక. మెషీన్ సగటున 25 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకి 600 వాట్ అవర్లు, నెలకి 18 యూనిట్లు. నిజంగా ఎంత తాగుతుందో ప్లగ్గులో పెట్టే చిన్న మీటరుతో చూసుకోండి, మోడల్‌ని బట్టి చాలా తేడా వస్తుంది.

మా విజయవాడలో అసలు సమస్య కరెంటు బిల్లు కాదు, మే నెల. మొదట్లో సర్వర్‌ని అటక మీద పెట్టాను, ఎవరి కంటా పడకుండా ఉంటుందని. శ్లాబు కింద ఆ వేడికి డిస్కులు యాభై డిగ్రీలు దాటేశాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసి స్మార్ట్‌సీటీఎల్ కొడితే ప్రతి డిస్కు వేడీ చూపిస్తుంది, అందులో చూశాకే కిందికి దించి, గాలి ఆడే చోట నేల నుంచి జానెడెత్తున చిన్న బల్ల మీద పెట్టాను. ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తగ్గింది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉంటుంది, ఎకోలో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వొచ్చు. యూపీఎస్ వైపు పెట్టండి. దానికంటే మంచిది యూఎస్‌బీ వైరుతో వచ్చే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి, నట్ అనే ప్యాకేజీ వేసుకోవడం, బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ దానంతటదే షట్‌డౌన్ అవుతుంది. బయాస్‌లో కరెంటు రాగానే మెషీన్ ఆన్ అయ్యేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, అది కూడా ఇప్పుడే పెట్టేయండి, లేకపోతే ఊరెళ్లినప్పుడు ఇంట్లో వాళ్లకి ఫోన్ చేసి బటన్ ఎక్కడుందో చెప్పాల్సి వస్తుంది.

ఇన్‌స్టాల్

ఫ్రీబీఎస్‌డీ సైట్ నుంచి ఏఎమ్‌డీ64 మెమ్‌స్టిక్ ఇమేజ్ దించుకోండి. ఇంటెల్ ప్రాసెసర్‌కి కూడా ఇదే, పేరు చూసి కంగారు పడకండి. పక్కనే చెక్‌సమ్ (ఫైల్లో ఏం మారినా మారిపోయే గుర్తు అంకె) ఫైలు ఉంటుంది, సరిపోల్చి చూసుకోండి. విండోస్‌లో రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, దాంతో బూట్ చేయండి.

నా సలహా: సిస్టమ్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, ఫైళ్ల కోసం రెండు హార్డ్ డిస్కులు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ రెండు హార్డ్ డిస్కుల కేబుళ్లు ఊడదీసి పెట్టండి, పొరపాటున వాటి మీద రాసే అవకాశమే ఉండదు. డిస్కు దగ్గర ఆటో జెడ్‌ఎఫ్‌ఎస్ (దీని సంగతి కింద చెబుతాను) ఎంచుకోండి, ఒకటే ఎస్‌ఎస్‌డీ కాబట్టి స్ట్రైప్. టైమ్ జోన్ ఆసియా, ఇండియా. సర్వీసుల్లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ కావడానికి), ఎన్‌టీపీడీ (గడియారం సరిగ్గా ఉంచడానికి) టిక్ పెట్టండి. చివర్లో కొత్త యూజర్‌ని చేయమంటుంది, అక్కడ వేరే ఏ గ్రూపుల్లో చేర్చాలి అని అడిగినప్పుడు వీల్ అని తప్పకుండా రాయండి. వదిలేశారంటే ఆ యూజర్‌తో ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వస్తారు గానీ ఎస్‌యూ కొట్టి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అవ్వలేరు, రూట్‌తో నేరుగా రావడం ముందే మూసేసి ఉంటుంది, మళ్లీ కీబోర్డు, మానిటర్ మోసుకుంటూ సర్వర్ దగ్గరికి వెళ్లాలి.

రీబూట్ అయ్యాక నల్ల తెర మీద తెల్ల అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. అదే సర్వర్. ఇక్కడ ముందు నేర్చుకోవాల్సింది మ్యాన్ అనే కమాండ్. మ్యాన్ హైయర్ అని కొట్టండి, ఏ ఫోల్డర్ ఎందుకు ఉందో మొత్తం రాసి ఉంటుంది. అది చదివితే చాలామంది తడబడే సంగతి ఒకటి తేలిపోతుంది: సిస్టమ్‌తో వచ్చినవాటి సెట్టింగులు ఈటీసీలో ఉంటాయి, మీరు తర్వాత వేసుకున్న ప్యాకేజీలు, వాటి సెట్టింగులు అన్నీ యూఎస్‌ఆర్ లోకల్ కింద ఉంటాయి. లినక్స్ అలవాటుతో సాంబా (విండోస్ కంప్యూటర్లకి ఫోల్డర్లు పంచే ప్యాకేజీ) సెట్టింగుల ఫైలు ఈటీసీలో వెతికితే దొరకదు. అలాగే ఈటీసీ కింద డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఉంటుంది, సిస్టమ్‌లో మార్చగలిగిన ప్రతి మీటా పక్కన చిన్న వివరణతో అందులో ఉంటుంది. దాన్ని మార్చకూడదు, చదవాలి. నేను రోజుకి ఒక పేజీ చొప్పున చదివాను, అర్థం కాని మాట దొరికితే దాని మ్యాన్ పేజీ తెరిచేవాణ్ణి. హ్యాండ్‌బుక్ పక్కన ఉంచుకోండి, అది నిజంగా చదవదగ్గ పుస్తకం.

ఇంకో అలవాటు. ఒక పద్దు పుస్తకం పెట్టుకోండి, కాగితం పుస్తకమే. తారీఖు వేసి ఆ రోజు ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు లైన్లు రాయండి. సర్వర్ లేవనప్పుడు అందులోని నోట్స్ తెరవలేం కదా.

మొదటి పాఠం: రెండు ఫైళ్లతో ఉత్తుత్తి పూల్

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లు ఎలా రాయాలో చూసుకునేది, ఈ సిస్టమ్ గుండెకాయ. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టింది, 2007లో పావెల్ డేవిడెక్ ఫ్రీబీఎస్‌డీకి తెచ్చాడు. ఇది రాసే ప్రతి ముక్కకీ ఒక చెక్‌సమ్ విడిగా దాచుకుంటుంది, చదివినప్పుడల్లా సరిపోల్చుకుంటుంది. సరిపోకపోతే, రెండో డిస్కులో మంచి కాపీ ఉంటే అది తెచ్చి మీకిచ్చి, చెడిందాన్ని బాగు చేస్తుంది. మా అక్క ఫొటోలకి లేనిది సరిగ్గా ఇదే. అందుకే దీన్ని చదివి వదిలేయకుండా కళ్లతో చూడాలి.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కుల్ని కలిపి చేసే నిల్వ చోటుని పూల్ అంటారు, ఈ పాఠానికి అసలు డిస్కులు కూడా అక్కర్లేదు. రూట్ ఫోల్డర్‌లో ట్రంకేట్ కమాండ్‌తో ఒక్కోటి 1 జీబీ చొప్పున రెండు ఖాళీ ఫైళ్లు చేయండి, ఎడమ, కుడి అని పేర్లు పెట్టుకోండి. జెడ్‌పూల్ క్రియేట్, తర్వాత పూల్ పేరు, తర్వాత మిర్రర్ అనే మాట, తర్వాత ఆ రెండు ఫైళ్ల పూర్తి దారులు. అంతే, ఒక మిర్రర్ పూల్ తయారు. అందులోకి ఓ మూడు వందల ఎంబీల ఫొటోలు కాపీ చేయండి, ఎక్కడైనా వేరే కాపీ ఉన్నవి. ఒక్కో ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ256 కొట్టి ఆ అంకెలు ఒక ఫైల్లో దాచండి.

ఇప్పుడు చెడగొట్టండి. డీడీ కమాండ్‌తో డెవ్ రాండమ్ నుంచి 200 ఎంబీ చెత్త తెచ్చి ఎడమ ఫైలు మీద రాయాలి. మొదటి 10 ఎంబీ వదిలేసి మొదలుపెట్టండి, పూల్ గుర్తులు అక్కడ ఉంటాయి. కన్వ్ ఈక్వల్స్ నోట్రంక్ అని చేర్చడం మర్చిపోకండి, లేకపోతే ఫైలే పొట్టిదైపోతుంది. డీడీ దగ్గర ఎంటర్ కొట్టే ముందు ఓఎఫ్ తర్వాత ఏముందో రెండుసార్లు చదవండి, అక్కడ అసలు డిస్కు పేరు ఉంటే ఆ డిస్కు పోయినట్టే.

ఆ తర్వాత జెడ్‌పూల్ స్క్రబ్ (పూల్ మొత్తం చదివి చెక్‌సమ్‌లు సరిచూసేది) కొట్టి, జెడ్‌పూల్ స్టేటస్ చూడండి. కుడివైపు రీడ్, రైట్, సీకేసమ్ అని మూడు వరుసలు ఉంటాయి. ఎడమ ఫైలు ఎదురుగా సీకేసమ్ కింద అంకె వందల్లోకి ఎగబాకుతుంది, కుడి ఫైలు ఎదురుగా సున్నాలే ఉంటాయి, కింద మాత్రం తెలిసిన డేటా తప్పులేవీ లేవని రాసి ఉంటుంది. మళ్లీ ఎస్‌హెచ్‌ఏ256 కొట్టి పాత అంకెలతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉండదు. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు రాత్రి పదకొండున్నర, ఇంట్లో అందరూ పడుకున్నారు, ఎవరికైనా చూపించాలనిపించి ఆగలేక మా ఆవిడని లేపాను.

ఆగకండి, ఇప్పుడు రెండు ఫైళ్లలోనూ ఒకే చోట చెత్త రాసి చూడండి. ఈసారి అది బాగు చేయలేదు, కానీ ఏ ఏ ఫైళ్లు పోయాయో పేర్లతో సహా చెబుతుంది, హైఫన్ వీ పెట్టి స్టేటస్ అడగండి. ఫైలు పాడైతే పాడైందని తెలియడం ఎంత విలువైనదో నాకు తెలుసు. చూడటం అయ్యాక జెడ్‌పూల్ డెస్ట్రాయ్ కొట్టి ఆ ఫైళ్లు తీసేయండి.

అసలు పూల్

ఇప్పుడు మెషీన్ ఆపి, రెండు హార్డ్ డిస్కులూ తగిలించండి. తగిలించే ముందు వాటి మీద ఉన్న సీరియల్ నంబర్లు పుస్తకంలో రాసుకోండి, చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో పెద్దగా డిస్కు అంచున కూడా రాయండి. సిస్టమ్ వీటిని ఏడీఏ1, ఏడీఏ2 అని పిలుస్తుంది గానీ కేబుల్ మారితే ఆ నంబర్లు మారిపోతాయి. అందుకని జీపార్ట్‌తో పార్టిషన్ చేసేటప్పుడు హైఫన్ ఎల్ అని పెట్టి ఆ నాలుగంకెలతో లేబుల్ ఇచ్చి, పూల్‌ని ఆ లేబుళ్లతోనే తయారు చేయండి. రేపు ఒక డిస్కు పోతే స్టేటస్‌లో ఆ నాలుగంకెలే కనిపిస్తాయి, డబ్బా తెరిస్తే అవే అంకెలు డిస్కు మీద కనిపిస్తాయి. పోయిన డిస్కు బదులు బాగున్న డిస్కు ఊడదీయడం అనే ఘోరం జరగదు.

పూల్‌లో అన్నీ ఒకే కుప్పగా పోయకుండా ఫొటోలకొక డేటాసెట్ (సొంత సెట్టింగులున్న ఫోల్డర్ లాంటిది), కాగితాలకొకటి, సినిమాలకొకటి చేయండి, ఎందుకంటే స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచేవి, డేటాసెట్‌కి ఇంతని తీస్తాం, ఫొటోలకి రోజూ తీయాలి, సినిమాలకి అవసరమే లేదు. ఫైలు చదివినప్పుడల్లా ఆ సమయం రాసిపెట్టే ఏటైమ్ ఆఫ్ చేయండి. మెమరీ మొత్తం ఏఆర్‌సీ అనే క్యాష్ తినేసిందని టాప్‌లో కనిపిస్తే భయపడకండి, వేరేవాళ్లు అడిగితే వదిలేస్తుంది.

ఇప్పుడు చెడగొట్టే పనులు వరుసగా. ఫొటోల డేటాసెట్‌లో పనికిరాని ఫైళ్లు కొన్ని పెట్టి స్నాప్‌షాట్ తీయండి, అన్నీ డిలీట్ చేయండి. ఆ డేటాసెట్ లోపల డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, ఎల్‌ఎస్‌తో చూస్తే కనబడదు, కానీ సీడీ కొట్టి నేరుగా వెళ్తే లోపలికి వెళ్తారు. అందులో స్నాప్‌షాట్ ఫోల్డర్, దాని కింద మీ ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు. కాపీ చేసుకోవడమే. తర్వాత సాంబా వేసుకున్నాక షాడో కాపీ2 అనే మాడ్యూల్ పెడితే ఇవే స్నాప్‌షాట్లు విండోస్‌లో ప్రీవియస్ వర్షన్స్ కింద కనిపిస్తాయి, మా నాన్నగారు డిలీట్ చేసుకున్న పెన్షన్ కాగితాల స్కాన్లు ఆయనే రైట్ క్లిక్ చేసి వెనక్కి తెచ్చుకుంటారు.

తర్వాత మెషీన్ ఆపి ఒక హార్డ్ డిస్కు కేబుల్ పీకి ఆన్ చేయండి. స్టేటస్‌లో డీగ్రేడెడ్ అని ఉంటుంది, ఫైళ్లు మాత్రం తెరుచుకుంటాయి. కొన్ని కొత్త ఫైళ్లు రాయండి. ఆపి, కేబుల్ పెట్టి, మళ్లీ ఆన్ చేయండి. మధ్యలో రాసిన కొత్త ముక్కలు మాత్రమే ఆ డిస్కుకి ఎక్కుతాయి, డిస్కు మొత్తం కాదు, చిన్న ఫైళ్లయితే రెప్పపాటు. తర్వాత ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్నదాని మీద తిరగరాయదు, కొత్త చోట రాసి చివర్లో అక్కడికి గురి మారుస్తుంది, అందుకని పూల్ చెక్కుచెదరదు, చివరి ఐదారు సెకన్లలో రాసింది మాత్రం పోవచ్చు. ఇదీ మీరే చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని మొత్తం సిస్టమ్‌ని మళ్లీ మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేయండి, హార్డ్ డిస్కులు ముట్టుకోకుండా. కొత్త సిస్టమ్ లేచాక జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని కొడితే మీ పూల్ పేరు కనిపిస్తుంది, పేరు చేర్చి మళ్లీ కొట్టండి, పాత సిస్టమ్ సరిగ్గా వదల్లేదు కాబట్టి హైఫన్ ఎఫ్ అడగొచ్చు. ఫైళ్లు, స్నాప్‌షాట్లు అన్నీ వచ్చేస్తాయి. ఇది ఒక్కసారి చేశాక సర్వర్ అంటే భయం పోతుంది. సిస్టమ్ అనేది మార్చుకోగలిగిన వస్తువు, పూల్ మాత్రమే మన సొత్తు అని చేతికి తెలుస్తుంది.

ఆర్‌సీ డాట్ కాన్ఫ్, అప్‌డేట్లు

ఒకసారి ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఏదో మార్చి చివర కోట్ గుర్తు పెట్టడం వదిలేశాను. రీబూట్ చేస్తే నెట్‌వర్క్ లేదు, లాగిన్ లేదు, షెల్ దారి చెప్పమని అడుగుతూ ఆగిపోయింది. ఎంటర్ కొడితే రూట్ షెల్ వచ్చింది గానీ ఫైలు సేవ్ కావట్లేదు, ఎందుకంటే అప్పటికి డిస్కు చదవడానికి మాత్రమే తెరిచి ఉంది. మౌంట్ హైఫన్ యూడబ్ల్యూ, తర్వాత స్లాష్ కొడితే రాయడానికి తెరుచుకుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ మౌంట్ హైఫన్ ఏ కూడా కొట్టి, ఈఈ ఎడిటర్‌తో ఆ కోట్ పెట్టి రీబూట్ చేశాను. మీరు ఈ తప్పుని కావాలనే ఒకసారి చేయండి. తర్వాతనుంచి ఆ ఫైలుని చేత్తో మార్చకుండా సిస్‌ఆర్‌సీ కమాండ్ వాడండి, అది కోట్లు తానే పెడుతుంది.

అప్‌డేట్లు రెండు రకాలు, బేస్ సిస్టమ్‌కి ఫ్రీబీఎస్‌డీ హైఫన్ అప్‌డేట్, ప్యాకేజీలకి పీకేజీ అప్‌గ్రేడ్. ఏది చేసే ముందైనా బీఈసీటీఎల్ క్రియేట్ అని కొట్టి తారీఖుతో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఇప్పుడున్న సిస్టమ్ నకలు, దాచుకోండి, సెకను పని. అప్‌డేట్ తర్వాత సిస్టమ్ లేవకపోతే బూట్ మెనూలో బూట్ ఎన్విరాన్‌మెంట్స్ అనే వరుసలోకి వెళ్లి పాతది ఎంచుకుంటే నిన్నటి సిస్టమ్ నిన్నటిలాగే లేస్తుంది. దీన్ని కూడా ఊరికే నమ్మొద్దు. ఒకటి దాచి, పనికొచ్చే ప్యాకేజీలు నాలుగు పీకేసి, వెనక్కి వెళ్లి చూడండి.

జైళ్లు, బయటినుంచి రావడం

జైలు అంటే సిస్టమ్ లోపల గోడ కట్టిన ఇంకో చిన్న సిస్టమ్. 2000లో 4.0 విడుదలతో వచ్చింది, అంటే డాకర్ కంటే పదేళ్ల పైగా పెద్దది. మొదటి జైలుని ఏ సహాయక ప్యాకేజీ లేకుండా చేత్తో కట్టండి: ఒక డేటాసెట్ చేసి, బేస్ డాట్ టీఎక్స్‌జెడ్ అందులో విప్పి, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ కాపీ చేసి, జైల్ డాట్ కాన్ఫ్‌లో ఆరేడు లైన్లు రాయడం. యూఎస్‌ఆర్ షేర్ ఎగ్జాంపుల్స్ కింద జైళ్లకి ఉదాహరణలున్నాయి. ఒక్కటి చేత్తో కడితే బ్యాస్టిల్ లాంటి పనిముట్లు వెనక ఏం చేస్తున్నాయో తెలిసిపోతుంది, ఆ తర్వాత హాయిగా అవే వాడుకోవచ్చు. నా దగ్గర సినిమాలు చూపించే జెల్లీఫిన్ ఒక జైల్లో, వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ ఒక జైల్లో ఉన్నాయి. కొత్త ప్రయోగం ఏదైనా ముందు స్నాప్‌షాట్, తర్వాత జైల్లోనే.

ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ (తాళంచెవిలా పనిచేసే ఫైలు) పెట్టుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో అన్నంత మాత్రాన సరిపోదు, కేబీడీ ఇంటరాక్టివ్ అథెంటికేషన్ కూడా నో అనాలి, లేకపోతే పాస్‌వర్డ్ ఇంకో దారిలో అడుగుతూనే ఉంటుంది. మార్చేటప్పుడు ఒక కిటికీ తెరిచే ఉంచి, రెండో కిటికీలోంచి లాగిన్ అయి చూసి, అది పనిచేశాకే మొదటిది మూయండి.

బయటినుంచి ఇంటి సర్వర్‌కి రావాలంటే మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత ఐపీ ఉండదు, వందల ఇళ్లకి కలిపి ఒకటిస్తారు, దాన్నే సీజీన్యాట్ అంటారు. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ తెరిచినా ఫలితం ఉండదు. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రసు) ఉంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి, అది ఇప్పుడు బేస్ సిస్టమ్‌లోనే ఉంది. లేకపోతే సీజీన్యాట్ వెనకున్నా పనిచేసే టెయిల్‌స్కేల్ ప్యాకేజీ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌నో సాంబానో నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం మాత్రం వద్దు. సాంబా అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఫొటోలు పెట్టాక

ఇన్నీ అయ్యాక, అంటే ఓ నెల పడుతుంది, అప్పుడు అసలు ఫొటోలు కాపీ చేయండి. పీరియాడిక్ డాట్ కాన్ఫ్‌లో రోజువారీ జెడ్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ ఆన్ చేయండి, పేరు రోజువారీ అయినా పూల్‌ని 35 రోజులకోసారే స్క్రబ్ చేస్తుంది. దాని నివేదిక రూట్‌కి మెయిల్‌గా వస్తుంది, చదవండి. కిందటేడు వర్షాకాలంలో అలాంటి ఒక నివేదికలో ఒక డిస్కు ఎదురుగా సీకేసమ్ కింద 14 అని కనిపించింది. గుండె ఝల్లుమంది, కానీ చేతులు వణకలేదు, ఉత్తుత్తి పూల్‌లో వందలు చూసినవాణ్ణి. స్మార్ట్‌సీటీఎల్‌లో చూస్తే డిస్కు బాగానే ఉంది, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క మాత్రం పెరిగింది, అంటే సాధారణంగా కేబుల్ తప్పు. సాటా కేబుల్ మార్చి, జెడ్‌పూల్ క్లియర్ కొట్టి, మళ్లీ స్క్రబ్ చేస్తే సున్నా. ఇప్పటికీ సున్నాయే.

మిర్రర్ ఉంది కదా, స్నాప్‌షాట్లు ఉన్నాయి కదా అని ఊరుకోకండి. పిడుగు పడినా, ఇంట్లోకి నీళ్లొచ్చినా రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఊళ్లో ఎన్ని ఇళ్ల గ్రౌండ్ ఫ్లోర్లు ముంచాయో చూశాం. ఒక యూఎస్‌బీ డిస్కు మీద విడిగా ఒక పూల్ చేసి, జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ కొట్టి దాన్ని జెడ్‌ఎఫ్‌ఎస్ రిసీవ్‌లోకి పంపండి. మొదటిసారి గంటలు పడుతుంది, తర్వాతనుంచి హైఫన్ ఐ పెట్టి పాత స్నాప్‌షాట్‌కీ కొత్తదానికీ మధ్య తేడా మాత్రమే పంపితే నిమిషాల పని. పంపాక ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేసి ఓ పది ఫొటోలు తెరిచి చూడండి.

నా యూఎస్‌బీ డిస్కు కాకినాడలో మా అక్క వాళ్ల బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. దసరాకీ సంక్రాంతికీ వెళ్లినప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్లి, కొత్త స్నాప్‌షాట్లు దానికి ఎక్కించి, స్క్రబ్ చేసి మళ్లీ అక్కడే పెట్టి వస్తాను. సగం బూడిదైన ఆ తలంబ్రాల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి, ఉన్న సగంతో.